1991 పాటలకు ర్యాంకులు వేసే ముందు

చిరంజీవి స్వాతికి,

పెదనాన్న ఆశీస్సులు.

నిన్న మీ నాన్న ఫోన్ చేసి ఏదో మాట్లాడుతూ నీ సంగతి చెప్పాడు. 1991లో వచ్చిన తెలుగు సినిమా ఆల్బమ్‌లలో మంచివి ఏరి, వాటికి ర్యాంకులు వేసి, ఒక్కోదాని మీద రెండేసి పేజీలు రాసి చిన్న పుస్తకం వేస్తానంటున్నావట. నువ్వు పుట్టక ముందెప్పటివో ఆ పాటలు. వాటిని కూర్చుని వినే ఓపిక, వాటి గురించి రాయాలన్న కోరిక మన ఇంట్లో ఇంకొకరికి వచ్చిందంటే ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. కానీ నెలలోపే అచ్చుకి ఇచ్చేస్తానన్నావట. ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచి ఆ మాటే నన్ను పీకుతోంది. రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

తెలిసిన విషయాలు ముందు ముగించేస్తాను. హిట్ పాట ఒక్కటీ విని ఆల్బమ్ గురించి రాయకు. ఒక్కో ఆల్బమ్‌ని మొదటి నుంచి చివరిదాకా, వేర్వేరు రోజుల్లో, కనీసం మూడుసార్లు విను. వినేటప్పుడు వీడియో పెట్టుకోకు, హీరో స్టెప్పులు కూడా పాట మార్కుల్లో కలిసిపోతాయి. వింటూనే నోట్సు రాసుకో, తర్వాత రాద్దామంటే సగం గుర్తుండదు.

ఏ ఏడాది ఆల్బమ్ అన్నది ఎలా తేలుస్తావో ముందే ఒక గీత గీసుకో. అప్పట్లో సినిమా కన్నా క్యాసెట్ ముందు వచ్చేది. ‘సీతారామయ్యగారి మనవరాలు’ 1991 జనవరిలో విడుదలైంది, ‘చంటి’ 1992 జనవరిలో. క్యాసెట్ తేదీ పట్టుకున్నావంటే మొదటిది నీ జాబితాలోంచి జారిపోవచ్చు, రెండోది వచ్చి చేరవచ్చు. నన్నడిగితే సినిమా విడుదల తేదీ పట్టుకో. దానికి పేపరు ప్రకటనల్లో రుజువు దొరుకుతుంది. క్యాసెట్ ఫలానా రోజున బజారుకొచ్చిందని చెప్పే కాగితం దొరకడం కష్టం.

డబ్బింగ్ సంగతి కూడా ఇప్పుడే తేల్చుకో. మణిరత్నం ‘దళపతి’ తమిళంలో 1991 నవంబరులో వచ్చింది. ఇళయరాజా గారి పాటలు ఎంత గొప్పవైనా, పెదవుల కదలికకు సరిపడేలా మాటలు కూర్చిన పాటని, తెలుగులోనే పుట్టిన పాటతో పోటీకి పెట్టడం నాకు న్యాయంగా అనిపించదు. రెంటిలోనూ పనితనం ఉంది, కానీ అది ఒకే పని కాదు. డబ్బింగ్ పాటలకి చివర్లో వేరే అధ్యాయం పెట్టు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని విషయానికొస్తాను. పేర్లు.

నేను ఒక వారపత్రికలో కొత్తగా చేరిన రోజులవి. ఏ పత్రికో వద్దులే. డిసెంబరు ఆఖరి సంచికలో ఆ ఏడాది మేటి పాటల జాబితా వేశారు. రాసినాయన సినిమా పేజీలు చూసే సీనియర్. పాటలంటే ప్రాణం పెట్టేవాడు, చెవి కూడా గట్టిది. కానీ పేర్లన్నీ జ్ఞాపకంలోంచే రాసేసేవాడు. ఒక పాట కింద గీత రచయితగా చాలా పెద్ద పేరు వేశాడు. పాట అంత బాగుంది కాబట్టి ఆయనే రాసి ఉంటారని అనుకున్నాడు, అంతే. నిజానికి అది రాసింది అప్పుడప్పుడే అవకాశాలొస్తున్న ఒక కొత్త రచయిత. సినిమా టైటిల్స్‌లో ‘పాటలు’ అని నాలుగు పేర్లు వరసగా పడ్డాయి. ఏ పాట ఎవరిదో అందులో తెలియదు. క్యాసెట్ డబ్బాలో ఉండే కార్డు మీద మాత్రం ప్రతి పాట పక్కనా రాసిన వాళ్ళ పేరు ఉంది. తీసి చూస్తే అర నిమిషం పని.

సంచిక వచ్చిన రెండు మూడు రోజులకి ఆ రచయిత ఆఫీసుకి వచ్చారు. నా పక్క బల్ల దగ్గర నిలబడి, చొక్కా జేబులోంచి ఆ కార్డు తీశారు. మడతలు బొటనవేలితో సాపు చేసి బల్ల మీద పెట్టి, ఒక లైను కింద గోరు ఆనించారు. ‘‘ఇది నాదండీ’’ అన్నారు. అరవలేదు, నిలదీయలేదు. కాసేపు ఆగి, ‘‘జాబితాలో మన పాట ఉందని ఎవరో చెబితే, మా నాన్నకి చూపిద్దామని పుస్తకం కొన్నాను’’ అన్నారు. సీనియర్ లేచి నిలబడి ఆయన చేతులు పట్టుకున్నాడు. మనస్ఫూర్తిగానే క్షమాపణ చెప్పాడు. ఆ విషయంలో ఆయన్ని తప్పుపట్టను.

రెండు వారాల తర్వాత పాఠకుల ఉత్తరాల పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో సవరణ వేశారు. జాబితాకి పేజీ నిండా బొమ్మలు, సవరణకి రెండు లైన్లు. జాబితా చదివిన వాళ్ళలో సవరణ చూసినవాళ్ళెందరు చెప్పు? ఆ తర్వాత ప్రత్యేక సంచికకి ఎవరో పాత జాబితానే తీసి యథాతథంగా మళ్ళీ అచ్చు వేశారు. దాన్ని చూసి మరొకరు రాసుకున్నారు. ఇవాళ్టికీ ఇంటర్నెట్‌లో ఆ పాట కింద ఆ పెద్ద పేరే కనిపిస్తూ ఉంటుంది. కనిపించినప్పుడల్లా నాకు ఆ గోరు, దాని కింద ఆ లైను గుర్తొస్తాయి. ఆ పెద్దాయనకి ఉన్న వేల పాటల్లో ఈ ఒక్కటీ కలిసినంత మాత్రాన ఒరిగిందేమీ లేదు. ఈయనకి అప్పటికి ఉన్నవే నాలుగైదు పాటలు.

ఆ కార్డు నా దగ్గరుంది. ఈసారి వచ్చినప్పుడు చూపిస్తాను. నీ జాబితాలో ఆ పాట ఉందో లేదో, ఉంటే ఎవరి పేరు రాశావో అప్పుడు నువ్వే చూసుకుందువుగాని.

కాబట్టి తల్లీ, పేర్లకి ముందు క్యాసెట్ కార్డు చూడు. అది దొరక్కపోతే అప్పట్లో హాళ్ళ దగ్గర అమ్మిన పాటల పుస్తకం. తర్వాత సినిమా టైటిల్స్. ఇంటర్నెట్ అన్నిటికన్నా చివర. రెండుచోట్ల రెండు పేర్లుంటే నీకు నచ్చినది వేసేయకు. ‘గీత రచయిత ఎవరో తేలలేదు’ అని నిక్కచ్చిగా రాయి. అందులో చిన్నతనం ఏమీ లేదు. వేటూరి గారు 2010లో వెళ్ళిపోయారు, బాలు గారు 2020లో, సిరివెన్నెల గారు 2021లో. ఇదివరకైతే ఫోన్ చేసి అడిగేవాళ్ళం. ఇప్పుడు నువ్వు తప్పు రాస్తే ‘ఇది నాదండీ’ అనడానికి ఆ మనుషులే లేరు.

పాడినవాళ్ళ విషయం కూడా అంతే. ‘ఆదిత్య 369’లో రాయల కాలం ఘట్టంలో వచ్చే ‘జాణవులే’ పాట విన్నావా? అందులో బాలు గారితో, శైలజ గారితో పాటు ఇంకో గొంతు ఉంటుంది. కాస్త సన్నగా, అంచు పదునుగా, మిగతా ఆల్బమ్‌కి ఎక్కడా అతకనట్టు. అది జిక్కి గారు. 1955లో ‘రోజులు మారాయి’లో ‘ఏరువాక సాగారో’ పాడిన జిక్కి గారే. కథ వెనకటి కాలంలోకి వెళ్ళగానే ఇళయరాజా గారు గొంతును కూడా వెనకటి కాలం నుంచే తెచ్చారు. ‘పాతకాలపు గొంతుతో బాగా పాడారు’ అని రాసి ఊరుకుంటే ఆ ఆలోచన మొత్తం పాఠకుడికి అందకుండా పోతుంది. పేరు తెలిస్తేనే అది దొరికేది.

ఇంకో మాట. నీ పుస్తకంలో ‘బాలు గారు అద్భుతంగా పాడారు’ అన్న వాక్యం నాకు ఒక్కచోట కూడా కనపడకూడదు. కోప్పడుతున్నానని అనుకోకు, నిజంగానే కోప్పడుతున్నాను. ఆ ఏడాది ఏ క్యాసెట్ తీసినా మగ గొంతు దాదాపు ఆయనదే. అన్నిటికీ అదే రాస్తే ఏదీ చెప్పనట్టే. ‘గ్యాంగ్ లీడర్’ మే నెలలో వచ్చింది, ‘క్షణక్షణం’ అక్టోబరులో. ‘వాన వాన వెల్లువాయె’ పాడిందీ, ‘జామురాతిరి జాబిలమ్మ’ పాడిందీ బాలు గారూ చిత్ర గారే. రెండూ పక్కపక్కన పెట్టుకుని విను. మొదటిదాంట్లో గొంతు దరువు మీద దూకుతుంది, మాట చివర విసిరేస్తారు. రెండోదాంట్లో అడవిలో, రాత్రి, భయపడి ఉన్న అమ్మాయికి జోల. ఎక్కడా గొంతు పెంచరు, మాట చివర మెల్లిగా దించి వదిలేస్తారు. ఇలాంటివి రాయి. వింటే తెలిసేవి, చదివినవాడు వెంటనే పాట పెట్టుకుని సరిచూసుకోగలిగేవి.

తర్వాత జరిగినవి తెలుసు కాబట్టి వాటిని 1991 మీద రుద్దకు. కీరవాణి గారికి 2023లో ఆస్కార్ వచ్చిందని ‘క్షణక్షణం’ని ఒక మెట్టు పైకి జరపకు. అప్పటికి ఆయన సంగీత దర్శకుడిగా తెరమీదికొచ్చి ఏడాదే, ‘మనసు మమత’ 1990లో వచ్చింది. అలాగే 1992లో ‘రోజా’ వచ్చి సౌండే మారిపోయింది కాబట్టి, ముందటి ఏడాది పాటలు పాతబడినట్టు రాయకు. 1991లో ఆ క్యాసెట్లు పెట్టుకుని విన్నవాళ్ళకి రెహమాన్ గారు వస్తున్నారని తెలియదు.

పేరు చూసి పక్కన పెట్టే జబ్బు ఒకటుంది, అది నీకు అంటకూడదు. ‘అసెంబ్లీ రౌడీ’ అనగానే దాటేస్తావేమో. దానికి సంగీతం ‘శంకరాభరణం’ చేసిన కె.వి. మహదేవన్ గారు. ‘గ్యాంగ్ లీడర్’కి సంగీతం చేసిన బప్పీ లహరి గారి పాటలంటే ముఖం చిట్లించే పెద్దమనుషులు అప్పుడూ ఉన్నారు. హాల్లో జనం లేచి ఆడాలని కట్టిన పాటని, ఆడించిందా లేదా అని అడగాలి గానీ అందులో రాగం వెతికితే ఎలా? ‘వాన వాన’ని 2012లో ‘రచ్చ’ కోసం మణిశర్మ గారు మళ్ళీ చేశారంటే, ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఆ వరసలో దమ్ముందని వాళ్ళు నమ్మినట్టే కదా.

ర్యాంకుల దగ్గర ఎక్కువ బాధపడకు. పైన ఉండే మూడు నాలుగు, అడుగున ఉండే మూడు నాలుగు వాటంతట అవే తేలిపోతాయి. మధ్యవాటితోనే చిక్కు. మార్కులు వేసి, పాయింట్లు కూడి, దశాంశాల్లోకి దిగకు. రెండేసి ఆల్బమ్‌లు తీసుకుని, దీనికన్నా ఇది ఎందుకు ముందు ఉందో ఒక్క వాక్యం రాయి. రాయలేకపోతే తారుమారు చేసి చూడు. అప్పుడూ రాయలేకపోతే రెంటికీ ఒకే స్థానం ఇచ్చెయ్. ఆ ఏడాదే ఇళయరాజా గారివి ‘ఆదిత్య 369’, ‘కూలీ నం.1’, ‘నిర్ణయం’, ‘ఏప్రిల్ 1 విడుదల’ ఉన్నాయి. ఒకాయనవే ఇన్ని ఎందుకని కోటా పెట్టి తగ్గించావంటే ఊరుకోను. ‘నిర్ణయం’లో ‘హలో గురూ’ ఒక్కటే అందరికీ గుర్తుంది కాబట్టి, మిగతా పాటలు విన్నాకే దాని స్థానం తేల్చు.

ఒకటో స్థానం నాకైతే ‘సీతారామయ్యగారి మనవరాలు’. ‘పూసింది పూసింది పున్నాగ’, ‘కలికి చిలకల కొలికి’, రెండూ ఒకే ఆల్బమ్‌లో ఉండటం నాకిప్పటికీ ఆశ్చర్యమే. వేటూరి గారు అచ్చ తెలుగు మాటల్ని అంత తేలిగ్గా నడిపించిన సందర్భాలు ఆయనకే తక్కువ. మీ నాన్ననడిగితే ‘గ్యాంగ్ లీడర్’ అంటాడు, కాలేజీ రోజుల్లో ఆ క్యాసెట్ అరిగిపోయేలా విన్నాడు. మా ఇద్దరి మాటా పట్టించుకోకు. పెదనాన్న బాధపడతాడేమోనని నా ఆల్బమ్ పైన పెట్టావంటే నిజంగానే బాధపడతాను.

అభిమానులు తిడతారు. ఆ భయం ఉంది నాకు. సినిమా పేరు వెనక హీరో ఉంటాడు కాబట్టి, ఎవరి ఆల్బమ్ కిందకి వెళితే వాళ్ళ అభిమానులు మీద పడతారు. పాట గురించి కాకుండా ఆడపిల్లవని ఏదో ఒకటి అంటారు. వాటికి జవాబులిస్తూ కూర్చోకు. మరీ మనసు కష్టమైతే రాత్రి ఎంత పొద్దుపోయినా ఫోన్ చెయ్, నేను ఎలాగూ మేలుకునే ఉంటాను. కానీ వాళ్ళలోనే ఎవరైనా ‘ఈ పాట రాసింది ఆయన కాదు’ అని అంటే మాత్రం, ఎంత మొరటుగా అన్నా సరే, ఆగి చూసుకో.

నెలలో ముగించాలన్న పట్టుదల వదిలేయ్. సమీక్షలు నీ ఇష్టం వచ్చినంత తొందరగా రాసుకో, నేను అడ్డం రాను. పేర్ల పట్టిక మాత్రం ముందుగా, విడిగా తయారుచేసి నాకు పంపు. పాట, రాసినవాళ్ళు, పాడినవాళ్ళు, ఆ పేరు నీకెక్కడ దొరికింది, ఈ నాలుగూ ఉండాలి. ఫోన్‌లో ఫొటో తీసి పంపినా చాలు. నా దగ్గరున్న కార్డులన్నీ బయటికి తీసి, సినిమాల వారీగా పేర్చి పెడతాను. ‘రౌడీ అల్లుడు’ కార్డు ఒక్కటి కనపడటం లేదు, మీ నాన్న అట్టపెట్టెలో ఉందేమో అడిగి చూడు.

ఆశీస్సులతో,
పెదనాన్న