మాస్టారి జవాబు: వెంబన్యామాతో బాబాయికి పేచీ

ప్రశ్న: మాస్టారూ, మా ఇంట్లో పొద్దున్నే టిఫిన్ల దగ్గర ఒకటే గొడవ. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో స్పర్స్ జట్టు కుర్రాడు విక్టర్ వెంబన్యామాకి ఎదురుండదని నేనంటాను. "ఏడడుగుల నాలుగంగుళాల మనిషి రింగ్ కింద ఉండక, బయట నుంచి త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) వేయడమేంట్రా? నిచ్చెన ఇంట్లో పెట్టుకుని రాళ్లతో మామిడికాయలు కొట్టినట్టుంది" అంటాడు బాబాయి. ఎవరు కరెక్ట్?
– డిగ్రీ విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: నిచ్చెన మాట నాకు నచ్చింది. లెక్క కూడా కొంత బాబాయిగారి వైపే ఉంది.

తొలి సీజన్ 2023-24లో వెంబన్యామా మ్యాచ్‌కి సగటున ఐదున్నర త్రీలు ప్రయత్నించాడు. మరుసటి ఏడాది అవి తొమ్మిదికి దగ్గరపడ్డాయి. వాటిలో పడేవి 32.5 శాతం నుంచి 35.2 శాతానికి పెరిగాయి. మంచిదే. కానీ వందకి 35 త్రీలు పడితే వచ్చేది 105 పాయింట్లు. లోపల నుంచి వేసే రెండు పాయింట్ల షాట్లు వందకి 53 పడినా దాదాపు అంతే వస్తాయి, అతను అంతకన్నా బాగానే వేస్తాడు. పైగా త్రీలు పెరిగిన ఏడాదే, అవతలివాడు ఫౌల్ చేస్తే లైన్ దగ్గర నిలబడి అడ్డు లేకుండా వేసే ఫ్రీ త్రోలు మ్యాచ్‌కి 5 నుంచి 4కి తగ్గాయి. ఫ్రీ త్రోలు 80 శాతం పైన వేసేవాడు లైన్ దగ్గరికి తక్కువ వెళ్తుంటే కోచ్ అన్నవాడికి కడుపు మండుతుంది.

మరి బయటికెందుకు పోతున్నాడు? బాబాయిగారు బద్ధకం అనుకుంటున్నట్టున్నారు. నేనైతే అతని నడుం కింద చూడమంటాను. బరువైన సెంటర్ (రింగ్ దగ్గర ఆడే భారీ ఆటగాడు) ఒకడు తొడ ఆనించి నెట్టాడంటే, రింగ్ పక్కన అందుకోవాల్సిన బంతిని నాలుగడుగులు వెనక్కి వచ్చి అందుకుంటాడు. చేతులకి ఉన్న పొడుగంతా అక్కడే వృథా అయిపోతుంది. అసలు బలహీనత కాళ్లలో ఉంది, త్రీ పాయింటర్ దాని నుంచి తప్పించుకునే దారి.

అలాగని త్రీలు మానేయమంటే నేనొప్పుకోను. అతను బయట నిలబడితే అవతలి సెంటర్ కూడా రింగ్ వదిలి రావాలి. బంతి నడిపించే మన గార్డులకి రింగ్ వైపు దారి దొరికేది అప్పుడే. మా బెజవాడలో పొడుగు కుర్రాడు కనబడితే చాలు, "నువ్వు బోర్డు కింద నిలబడు" అనేస్తారు. డ్రిబుల్ నేర్పరు, షాట్ నేర్పరు. పీఈటీగా ఉన్నన్నాళ్లూ ఈ విషయంలో తోటి మాస్టార్లతో నాకు పడలేదు.

డిఫెన్స్ గురించి మీ ఇద్దరూ ఒక్క ముక్క కూడా రాయలేదు, ఆశ్చర్యం! తొలి ఏడాదే మ్యాచ్‌కి 3.6 బ్లాకులతో (అవతలివాళ్ల షాట్లను గాల్లోనే ఆపడం) లీగ్‌లో మొదటివాడు. లీగ్‌లో మేటి డిఫెండర్లను ఎంచే ఆల్-డిఫెన్సివ్ ఫస్ట్ టీమ్‌లోకి వచ్చిన తొలి రూకీ (మొదటి సీజన్ ఆటగాడు) కూడా అతనే. అదీ ఎన్‌బీఏలో, దగ్గర్లో ఎవరినీ కాయకుండా పెయింట్‌లో (రింగ్ ముందు గీసిన గడిలో) మూడు సెకన్లకి మించి నిలబడితే అవతలి జట్టుకి ఫ్రీ త్రో ఇచ్చే చోట. అతన్ని చూసి రింగ్ దగ్గరి లే-అప్ షాట్ మానుకుని బంతి వెనక్కి పాస్ చేసేవాళ్లు ఏ స్కోరు షీట్‌లోనూ ఎక్కరు.

2025 ఫిబ్రవరిలో కుడి భుజంలో రక్తం గడ్డకట్టి 46 మ్యాచ్‌లకే సీజన్ ముగిసింది. 65 ఆడితే గాని పెద్ద అవార్డులకి లెక్కలోకి రారు కాబట్టి అవీ పోయాయి. దీన్ని మాత్రం "సన్నటి ఒళ్లు" ఖాతాలో వేయొద్దని బాబాయిగారికి చెప్పండి. అది వేరే సమస్య.

ఆ వేసవిలో అతను పాతతరం మేటి సెంటర్ హకీం ఒలాజువాన్ దగ్గర పోస్ట్ ఆట, అంటే రింగ్ దగ్గర ఆడే ఆట నేర్చుకున్నాడు. అక్టోబరులో డల్లాస్ మీద కొత్త సీజన్ తొలి మ్యాచ్‌లోనే 40 పాయింట్లు, 15 రీబౌండ్లు. త్రీలతో వచ్చినవి వాటిలో చాలా తక్కువ. ఆ మ్యాచ్ వీడియో ఇద్దరూ కలిసి చూడండి. షాట్ సంగతి వదిలేసి, బంతి అందుకునేటప్పుడు పాదాలు ఎక్కడున్నాయో గమనించండి. రెండూ పెయింట్ లోపల ఉన్న ప్రతిసారీ ఒక పాయింట్ బాబాయికి ఇచ్చేయండి.