బాబు అలర్జీ గురించి అమ్మాయికి పెదనాన్న ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. పసితనంలో బాబు మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనుక వచ్చిన ఎగ్జిమా (చర్మం ఎర్రబడి, పొడిబారి దురదపెట్టే జబ్బు) తగ్గిందని, ఇప్పుడు పొద్దున లేస్తూనే వరసగా తుమ్ములు, రాత్రిళ్లు పొడిదగ్గు పట్టుకున్నాయని, చర్మానికి ఒకరికి, ముక్కుకి ఒకరికి, దగ్గుకి మరొకరికి చూపిస్తున్నానని రాశావు. ముగ్గురూ సరైన మందులే రాసి ఉంటారు. అయితే ఆ మూడు చీటీలనూ ఒకచోట పెట్టి చూసినవారు లేరు, నా కలవరమంతా అదే. నలభై ఏళ్లు వైద్యుడిగా ఈ జబ్బులనే చూసినవాణ్ణి కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

‘ఫలానాది నాకు పడదు’ అని మనం చెప్పుకునే దానికి 1906లో వియన్నా వైద్యుడు క్లెమెన్స్ వాన్ పిర్కే అలర్జీ అని పేరు పెట్టాడు. హాని చేయని పదార్థాన్ని శరీరం శత్రువుగా పొరబడి ఐజీఈ అనే యాంటీబాడీలను తయారుచేస్తుంది. అవి మాస్ట్ కణాలు అనే రక్షణ కణాలను అంటిపెట్టుకుని ఉంటాయి. ఆ పదార్థం మళ్లీ తగలగానే ఆ కణాలు హిస్టమిన్ వంటి రసాయనాలను వదులుతాయి. ఈ కణాలు చర్మంలో, ముక్కులో, కంటి పొరల్లో, ఊపిరి గొట్టాల్లో, పేగుల్లో, అంటే బయటి ప్రపంచం మనకు తగిలే ప్రతిచోటా కాపలా కాస్తుంటాయి. అందుకే ఒకే గొడవ చర్మంలో దద్దుర్లుగా, ముక్కులో తుమ్ములుగా, ఊపిరితిత్తుల్లో పిల్లికూతలుగా, కడుపులో నొప్పిగా, వాంతిగా కనిపిస్తుంది. ఎగ్జిమాలోనూ ఆస్తమాలోనూ హిస్టమిన్ ఒక్కటే కాక లోపల చాలాకాలం నిలిచే వాపు కూడా ఉంటుంది కాబట్టి, దురద మాత్రలతో మాత్రమే అవి లొంగవు.

ఎగ్జిమా ఉన్న పిల్లల్లో కొందరికి తరవాతి ఏళ్లలో ముక్కు అలర్జీ, ఆస్తమా వస్తాయి. పగిలిన చర్మం గుండా ఆహారపు అణువులు లోపలికి పోయి కొత్త అలర్జీలకు దారితీయగలవు కనుక, చర్మం బాగున్న రోజుల్లో కూడా తేమ నిలిపే క్రీము రాయడం మానవద్దు.

ఒకసారి బాబు ముఖాన్ని వెలుతురులో నిదానంగా చూడు. అరచేత్తో ముక్కుకొనను పైకి రుద్దుకునే అలవాటుంటే, ముక్కు మీద అడ్డంగా సన్నని గీత పడుతుంది. కళ్ల కింద నల్లని నీడలు, నోరు తెరిచి నిద్రపోవడం ఉంటే ముక్కు చాలాకాలంగా మూసుకుపోయి ఉందని అర్థం. ముక్కు, ఊపిరి గొట్టాలు ఒకే దారిలో రెండు మజిలీలు కనుక, ముక్కును అశ్రద్ధ చేస్తే ఆస్తమా కూడా అదుపులోకి రావడం కష్టమవుతుంది. ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే పూర్తిగా పనిచేయడానికి కొన్ని రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది, రెండు రోజులకే పనిచేయలేదని ఆపేయకు. రాత్రి దగ్గు సంగతి డాక్టరుకు చెప్పి, ఊపిరితిత్తుల పరీక్ష అవసరమేమో అడుగు. వెంటనే ఉపశమనమిచ్చే ఇన్‌హేలర్ వారానికి రెండుసార్ల కంటే ఎక్కువ అవసరమైతే ఆస్తమా అదుపులో లేనట్టే. కళ్లు అదేపనిగా నలుపుకోనివ్వకు, కాలక్రమంలో నల్లగుడ్డు మీది పారదర్శక పొర ఆకారమే మారిపోవచ్చు.

అన్నం తినేటప్పుడు ముద్ద ముద్దకీ నీళ్లు తాగడం, ఎంతసేపటికీ మింగకపోవడం మారాం అనుకోకు. అన్నవాహికకు వచ్చే అలర్జీ వాపు కొందరు పిల్లల్లో అలాగే బయటపడుతుంది. రక్తపరీక్షలో పాలో గుడ్డో పాజిటివ్ వచ్చిందని, తిన్నప్పుడు ఏ ఇబ్బందీ లేని బిడ్డకు అవి మాన్పించవద్దు. పాజిటివ్ అంటే శరీరం ఆ పదార్థాన్ని గుర్తుపట్టిందని మాత్రమే, జబ్బు ఉందని కాదు.

ఇక నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచినది అనాఫిలాక్సిస్ గురించి, అంటే ఒళ్లంతటినీ ఒక్కసారిగా పట్టి ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ గురించి. ఒకసారి నా దగ్గరికి తెచ్చిన పిల్లవాడికి ఒళ్లంతా దద్దుర్లు లేస్తే ఇంట్లో సిరప్ పట్టారు, ఎర్రదనం తగ్గింది, అందరూ కుదుటపడ్డారు. ఈలోగా వాడి గొంతు బొంగురుపోయింది, రెండుసార్లు వాంతి అయింది, ఆ రెంటినీ దద్దుర్లతో ఎవరూ ముడిపెట్టలేదు. నడిపించుకుని వస్తుండగా వాకిట్లోనే కుప్పకూలాడు. తొడ బయటివైపు కండరానికి అడ్రినలిన్ ఇంజెక్షన్ ఇచ్చాక కొద్ది నిమిషాల్లో తేరుకున్నాడు. ఆ దృశ్యం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. పడని పదార్థం తిన్న తరవాత రెండు అవయవాలు ఒకేసారి మొరపెడితే, లేదా ఊపిరాడకపోయినా, స్పృహ తప్పుతున్నా, దద్దుర్లు లేకపోయినా సరే, ముందు ఇవ్వవలసింది అడ్రినలినే. యాంటీహిస్టమిన్, అంటే హిస్టమిన్‌ను అడ్డుకునే దురద మందు, దురదను తగ్గిస్తుందే కానీ గొంతు వాపును, పడిపోతున్న రక్తపోటును ఆపలేదు. బిడ్డను పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టాలి, ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టాలి, నడిపించకూడదు. తగ్గకపోతే 5 నుంచి 15 నిమిషాల్లో రెండో మోతాదు ఇవ్వవచ్చు. తేరుకున్నాక కూడా కొన్ని గంటలకు మళ్లీ రావచ్చు కాబట్టి ఆసుపత్రిలో ఉంచాలి. బాబుకు ఆ ఇంజెక్షన్ దగ్గర ఉంచుకోవలసిన అవసరం ఉందో లేదో ఈసారి తప్పక అడుగు.

చర్మంపై గుచ్చి చేసే పరీక్ష రాస్తే, యాంటీహిస్టమిన్ ఎన్ని రోజుల ముందు ఆపాలో కనుక్కో, ఇన్‌హేలర్ మాత్రం నీ అంతట నువ్వు ఆపవద్దు. వెళ్లేలోపు రెండు వారాలపాటు ఏ రోజు ఏ అవయవం, ఎన్ని గంటలకు, ఏం తిన్నాక, ఎక్కడ ఆడుకున్నాక ఇబ్బంది పెట్టిందో ఒక నోటుపుస్తకంలో రాసి, మూడు చీటీలతో పాటు పట్టుకెళ్లు. దాని నకలు నాకూ పంపు.

ఇట్లు,
మీ పెదనాన్న