కెమెరా ముచ్చట్లు: ఫుల్ ఫ్రేమ్ కొనేముందు పాత ఫొటోలు తీసి చూడండి

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ఊసు, ఫుల్ ఫ్రేమ్, అంటే లోపల వెలుతురును పట్టే సెన్సర్ పెద్దగా ఉండే కెమెరా. కొనాలనుకునేవాళ్లు కొందరు, కొని తల పట్టుకున్నవాళ్లు కొందరు. నాలుగింటికి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: సార్, నేను మహబూబ్‌నగర్‌లో సర్కారు బడి టీచర్‌ని. ఏడేళ్లుగా నికాన్ చిన్న సెన్సర్ కెమెరా వాడుతున్నా. దాంతోపాటే వచ్చిన 18-55 లెన్సు, తర్వాత కొన్న 70-300 ఉన్నాయి. కురుమూర్తి జాతర, పిల్లలమర్రి, కోయిల్‌సాగర్ దగ్గర పిట్టలు, నేను తీసేవి ఇవే. లక్షన్నర జమ చేశాను. వాట్సాప్ గ్రూపులో అందరూ ఫుల్ ఫ్రేమ్‌కి మారిపో అంటున్నారు, ఇంట్లో మాత్రం "ఉన్న కెమెరాకు ఏమైందట?" అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అడగాల్సిన ప్రశ్న ఇంట్లోవాళ్లే అడిగారు సార్, గ్రూపులో ఎవరికీ తట్టలేదు. ఉన్న కెమెరాకు ఏమైంది? దీనికి జవాబు నా దగ్గర లేదు, మీ కంప్యూటర్‌లో ఉంది. మీరు తీసిన ప్రతి ఫొటో తనను ఏ లెన్సుతో, ఎంత ఐఎస్ఓ (వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) పెట్టి, ఎంత షట్టర్ వేగంతో తీశారో లోపల రాసుకునే ఉంటుంది. ఒక ఆదివారం కూర్చుని ఏడాది ఫొటోల్లో పాడైపోయినవాటిని మాత్రమే పక్కకు తీయండి. బాగా వచ్చినవి కాదు, పాడైనవి. ఎందుకు పాడయ్యాయో ఒక్కోదానికి ఒక్క మాట రాయండి: వణికింది, చీకటైంది, దూరమైంది, నేనే ఆలస్యంగా నొక్కాను. ఈ నాలుగో రకానికి ఏ కెమెరా కొన్నా మందు లేదు.

జాతర ఫొటోలు వణికాయని వస్తుందని నా అంచనా. రాత్రిపూట మిఠాయి దుకాణాల బల్బుల వెలుతురులో మీ 18-55ని 55 దగ్గర పెడితే ఎఫ్ 5.6 కంటే తెరుచుకోదు (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకున్నట్టు). ఐఎస్ఓ 6400 దాకా తోసినా షట్టర్ సెకనులో 1/30 వంతు దగ్గర ఆగిపోయి ఉంటుంది, ఉద్దాల (స్వామి పాదుకల) ఊరేగింపులో ఊగుతున్న మనుషులు ఆ వేగానికి దొరకరు. ఇప్పుడు లెక్క చూడండి. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ అంటే పాత 35 ఎంఎం ఫిల్ము కొలతే, 36 మిల్లీమీటర్లు బై 24. మీ దాంట్లో ఉన్నది సుమారు 23.5 బై 15.6. వైశాల్యంలో రెండు రెట్ల కంటే కొంచెం ఎక్కువ తేడా, కాబట్టి అదే లెన్సు తెరుపు దగ్గర అది పట్టే వెలుతురు కూడా రెండు రెట్ల పైచిలుకు. లక్ష పైన పెడితే వచ్చే లాభం అది. అదే ఎఫ్ 5.6 నుంచి ఎఫ్ 1.8 లెన్సుకు మారితే సెన్సర్ మీద పడే వెలుతురు దాదాపు పది రెట్లవుతుంది! వణికిన ఆ 1/30 ఫొటోనే 1/125లో తీయొచ్చు, అదీ ఐఎస్ఓని 3200కి దించి. మీ కెమెరాకు సరిపోయే 35 ఎంఎం 1.8 లెన్సు ధర ఫుల్ ఫ్రేమ్ బాడీ (లెన్సు లేని ఒట్టి కెమెరా) ముందు చిల్లర. అంత తెరిచినప్పుడు ఫోకస్ పలచబడుతుంది, ముందున్న మనిషి కన్ను దొరికితే వెనక మనిషి దొరకడు, అది నాలుగు రోజుల్లో చేతికి అలవాటవుతుంది.

పిట్టల సంగతికొస్తే మీకు ఫుల్ ఫ్రేమ్ నష్టమే. చిన్న సెన్సర్ మీద మీ 300 లెన్సు 450 అంత దగ్గరగా చూపిస్తుంది. ఫుల్ ఫ్రేమ్ మీద 300 అంటే 300, కోయిల్‌సాగర్ నీళ్ల మధ్యలో ఉన్న కొంగ మరింత చిన్నదైపోతుంది. కత్తిరించుకుందాం అంటే 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ ఫొటోలో మీ పాత చట్రమంత భాగానికి మిగిలేది 10 చిల్లర మెగాపిక్సెళ్లే. ఆ కొరత తీర్చే పొడుగు లెన్సు ధర అడిగితే గ్రూపులోవాళ్లు మాట మారుస్తారు. పిల్లలమర్రి మాటకొస్తే ఎకరాల్లో పరుచుకున్న చెట్టు అది, ఏ సెన్సరైనా మొత్తం పట్టదు. (2018లో చెదలు పట్టిందని సెలైన్ బాటిళ్లు వేలాడదీసి మందు ఎక్కించారు గుర్తుందా, ఆ రోజుల్లో తీసిన ఫొటోలుంటే దాచుకోండి.)

నా ముచ్చట కూడా చెప్తాను. నేను 2014లో వచ్చిన నికాన్ డీ750 అనే ఫుల్ ఫ్రేమ్ కెమెరాను కొన్నేళ్ల తర్వాత పాతది కొన్నాను. డబ్బులన్నీ బాడీకే అయిపోయాయి, నా పాత లెన్సులు చిన్న సెన్సర్‌వి, వాటిని తగిలిస్తే కెమెరా తనంతట తానే చట్రాన్ని చిన్నది చేసుకునేది. అంటే బరువు ఫుల్ ఫ్రేమ్‌ది, ఫొటో పాత కెమెరాది. తర్వాత ఒక్క 50 ఎంఎంతో ఎనిమిది నెలలు గడిపాను. తప్పు కెమెరాది కాదు, నాది. మీరు మీ 70-300 మీద డీఎక్స్ (చిన్న సెన్సర్ లెన్సుకు నికాన్ పెట్టే గుర్తు) అని రాసుందో లేదో ముందు చూసుకోండి, రాసుంటే అదీ కొత్త కెమెరాకు పనికి రాదనే అనుకోండి. నికాన్‌లోనే లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ జెడ్ రకానికి వెళ్తే మధ్యలో ఎడాప్టర్ కూడా కొనాలి. ఫైళ్లు పెద్దవైతే హార్డ్ డిస్కు, అది నిండాక ఇంకో హార్డ్ డిస్కు.

అయితే ఫుల్ ఫ్రేమ్ వద్దనే మనిషినా? కాదు, నేను వాడుతున్నది అదే. దీపం వెలుగులో ముసలావిడ ముఖం మీది ముడతలు, చీకట్లో నల్ల గొంగడి మీది ఉన్ని పోగులు, అక్కడ దాని పని దానిదే. నీడల్ని కంప్యూటర్‌లో పైకి లాగితే గరుకు లేకుండా వస్తాయి. కాబట్టి ఇలా చెయ్యండి: ముందు ఆ 1.8 లెన్సు కొనండి, దీపావళి తర్వాత కురుమూర్తికి దాంతో వెళ్లి రండి. ఎఫ్ 1.8లో తీసినవి కూడా ఐఎస్ఓ 6400 దగ్గరే ఇరుక్కుని గరుకుగా వస్తే, అప్పుడు ఆ ఫొటోలే ఇంట్లో చూపించి అడగండి. చేతిలో రుజువు ఉంటుంది.

ప్రశ్న: అన్నా, మాది మిర్యాలగూడ. ఫుల్ ఫ్రేమ్ కొని నెల కాలేదు, మా మేనమామ కొడుకు పెళ్లికి "ఫొటోలు నువ్వే తియ్యిరా, ఫొటోగ్రాఫర్ ఖర్చు మిగుల్తది" అంటున్నరు. కాదంటే ఫీలైతరు. ఎట్ల?

జవాబు: కాదను తమ్మీ. ఇప్పుడు ఫీలైతే వారంలో మర్చిపోతరు, జీలకర్ర బెల్లం పెట్టే క్షణం పోయిందంటే మీ అత్తమ్మ పాతికేళ్లు గుర్తు పెట్టుకుంటది. పెళ్లి ఫొటోగ్రాఫర్ దగ్గర రెండో కెమెరా ఉంటుంది, నాలుగు బ్యాటరీలు ఉంటాయి, ఒక కార్డు చెడితే రెండో కార్డులో అదే ఫొటో ఉంటుంది. నీ కెమెరాకు కార్డు గాడి ఒకటా రెండా ముందు చూసుకున్నవా? వాళ్లను పెట్టుకోమని చెప్పి, నువ్వు మాత్రం తెల్లారకముందే వెళ్లు. గాడిపొయ్యి దగ్గర వంటవాళ్లు, తమలపాకులు తుడుస్తున్న అమ్మమ్మ, పందిట్లో కుర్చీల మీద నిద్రపోయిన పిల్లలు, వీటి మీదికి ఎవరూ కెమెరా తిప్పరు.

ప్రశ్న: నమస్తే అండీ. మాది గద్వాల, కాలేజీలో పని చేస్తున్నాను. హైదరాబాద్‌లో ఒక షాపులో పాత డీ750 చూశాను. 60 వేల క్లిక్కులే అయ్యాయట. పాతది కొనడం మంచిదేనా? ఏం చూసుకోవాలి?

జవాబు: మంచిదే మేడం, నేను కొత్తది ఎప్పుడూ కొనలేదు. ఆ కెమెరా షట్టర్‌ను లక్షన్నర క్లిక్కులకు పరీక్షించామని కంపెనీ చెప్పింది కాబట్టి 60 వేలు నిజమైతే భయం లేదు. నిజమో కాదో నోటిమాట మీద వదలకండి. మీ కార్డు పెట్టి ఒక ఫొటో తీయండి, ఆ ఫైల్‌ను ఇంటర్నెట్‌లో షట్టర్ కౌంట్ చూపించే చోట పెడితే నికాన్ ఫైళ్లు లెక్క చెప్పేస్తాయి. తర్వాత లెన్సు తెరుపును ఎఫ్ 16కి మూసి తెల్ల గోడనో ఆకాశాన్నో తీసి పెద్దది చేసి చూడండి, మచ్చలుంటే సెన్సర్ మీద దుమ్ము. దుమ్మైతే శుభ్రం చేయించొచ్చు, గీత ఉంటే మాత్రం లేచి వచ్చేయండి. రెండు కార్డు గాడుల్లోనూ కార్డు పెట్టి చూడండి. ఫ్లాష్ తగిలించే చోట రంగు పూర్తిగా లేచిపోయి, చేతిపట్టు రబ్బరు ఉబ్బి ఉంటే అది చాలా పెళ్లిళ్లు చూసిన కెమెరా, ధర గట్టిగా అడగండి. బిల్లు మీది సీరియల్ నంబరు, కెమెరా అడుగున ఉన్న నంబరు ఒకటేనా చూసుకోండి.

లెన్సు కూడా ఇస్తున్నారా? అయితే ఫోన్ టార్చ్ వెలిగించి వెనకవైపు నుంచి కొట్టి, ముందువైపు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడులాంటి సన్న పోగులు కనిపిస్తే అది ఫంగస్. నాకు దీని మీద అనుభవం జాస్తి: ఒక వానాకాలం నా 50 ఎంఎంను మెత్తని గుడ్డలో చుట్టి, తోలు సంచిలో పెట్టి, బీరువాలో దాచాను. భద్రం అనుకున్నాను. దసరాకు తీస్తే అద్దం అంచున తెల్లటి వేర్లు. గుడ్డ, తోలు తేమను పట్టి ఉంచుతాయి, పైగా చీకటి, ఫంగస్‌కు అంతకంటే ఏం కావాలి? శుభ్రం చేయించాను కానీ అద్దం మీది పూత అక్కడక్కడా పోయింది, ఎదురు వెలుతురు పడితే ఇప్పటికీ పొగ కమ్మినట్టు ఉంటుంది. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు, ఇంతే ఖర్చు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. బియ్యంలో పెట్టమనేవాళ్ల మాట వినకండి, ఆ పొడి లోపలికి పోతే ఇంకో ఖర్చు.

ప్రశ్న: సార్, మాది నల్లగొండ. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో నీడను ఫుల్ ఫ్రేమ్ కెమెరాతో తీస్తే నల్లటి గోడ తప్ప ఏమీ రాలేదు, ఫ్లాష్ వేస్తే నీడే లేదు. మా తమ్ముడు ఫోన్‌తో తీస్తే బాగా వచ్చింది. పరువు పోయింది. ఎక్కడ తప్పు?

జవాబు: ఫ్లాష్ వేసిన చోటే తప్పు. అది నీడ గుడి సార్! పొద్దంతా కదలనట్టు గర్భగుడి గోడ మీద నిలిచే ఆ నీడ, నేరుగా పడిన ఎండతో వచ్చింది కాదు, బయట చెదిరి స్తంభాల సందుల్లోంచి లోపలికి చేరే మెత్తటి వెలుతురుతో వచ్చింది. దాని మీద మీ ఫ్లాష్ పడితే నీడ ఎక్కడ మిగులుతుంది? ఫోన్ గొప్పతనం ఏమీ లేదు, అది వరసగా చాలా ఫొటోలు తీసి వాటిని కలిపేసుకుంది. మీరు ఒక్క ఫొటోతోనే అంతకంటే మేలైనది తీయొచ్చు, ఎందుకంటే నీడ కదలదు, లింగం కదలదు, మీరు కదలకపోతే చాలు. ముందు పూజారి గారిని అడగండి. కెమెరాను గడప మీద మాత్రం పెట్టకండి, ఊరుకోరు. మండపం స్తంభానికి గట్టిగా ఆనించి, ఐఎస్ఓ 400, ఎఫ్ 4, రెండు సెకన్ల టైమర్ పెట్టి, అర సెకనుతో మొదలుపెట్టి చూసుకుంటూ పెంచండి. రా ఫైల్ (కెమెరా తన మార్పులు చేయకుండా ఉన్నదున్నట్టు దాచే ఫొటో) తీసుకోండి. వెళ్లగానే కెమెరా తీయొద్దు, పది నిమిషాలు కూర్చోండి, కళ్లు చీకటికి అలవాటు పడ్డాక నీడ అంచు ఎక్కడ పలచబడుతోందో తెలుస్తుంది. ఫోకస్ ఆ అంచు మీద పెట్టారో, మెత్తగా ఉండే అంచు కాబట్టి లెన్సు దాన్ని పట్టలేక ముందుకీ వెనక్కీ కొట్టుకుంటూనే ఉంటుంది. గోడలో రాయికీ రాయికీ మధ్య అతుకు గీత కనిపిస్తుంది, దాని మీద పెట్టండి.