జాబ్ కార్డులో ఒక్క లైను

ప్రశ్న: మాది రాజాం. టీచరుగా రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో విశాఖపట్నంలో డీజిల్ వ్యాన్ కొన్నాను. విజయనగరంలో బాడీ షాపులో ఇచ్చి లోపల రెండు పడకలు, చిన్న ఫ్రిజ్, గ్యాస్ స్టవ్, రెండో బ్యాటరీ పెట్టించాం. మా నాన్నగారు చివరిసారి అరసవల్లి, శ్రీకూర్మం చూసింది ఆ వ్యానులోనే. ఎక్స్‌టెండెడ్ వారంటీకి అదనంగా 38,000 రూపాయలు కట్టాను. 22 నెలల కిందట కళింగపట్నం బీచ్ నుంచి ఇంటికి వస్తుంటే పెద్ద వాన. చిలకపాలెం దాటి రాజాం రోడ్డులో ఒక కల్వర్టు దగ్గర నీళ్ళలో బండి ఆగిపోయింది. నడుపుతున్నది మా బావమరిది. ట్రాక్టరుతో బయటికి లాగించి, తెల్లారాక షోరూమ్ వర్క్‌షాపుకి పంపాం. ఇంజిన్ పోయిందన్నారు, ఖర్చు 3,85,000. ముందు వారంటీలో పెడదామన్నారు. ఎనిమిదో రోజున ఇంజిన్ విప్పి, నీళ్ళ వల్ల పోయింది, వారంటీ రాదన్నారు. తొమ్మిదో రోజున ఇన్సూరెన్స్‌కి వెళ్తే, ఇది మెకానికల్ బ్రేక్‌డౌన్, క్లెయిమ్ రాదని రాసిచ్చారు. ఆ ఉత్తరం వచ్చి 20 నెలలైంది. ఇద్దరికీ మెయిళ్ళు పెడుతూనే ఉన్నాను. బండి ఇంకా వాళ్ళ యార్డులోనే ఉంది, రోజుకి 200 అద్దె అడుగుతున్నారు. ఈమధ్య వర్క్‌షాపులో ఒకతను, ఇప్పటి పాలసీ మీద యాక్సిడెంట్ అయినట్టు కొత్త క్లెయిమ్ వేసి ఇంజిన్ అందులో కలిపేద్దామంటున్నాడు. చేయమంటారా? నాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: మాస్టారూ, నాన్నగారి సంగతి చదివాను. వినియోగదారుల కమిషన్ ముందు దానికి చోటు లేదు కాబట్టి ఇక్కడితో వదిలేస్తున్నాను. మీరు పంపిన కాగితాల్లో బండి అప్పగించినప్పుడు వర్క్‌షాపు రాసిన పసుపు రంగు జాబ్ కార్డు కాపీ ఒకటి ఉంది. మీ కేసు నిలబడేదీ పడేదీ దాని మీదే.

ఆ కార్డు మళ్ళీ ఒకసారి తీసి చూడండి. కస్టమర్ కంప్లైంట్ అన్న గడిలో బాల్‌పెన్నుతో ఒకే లైను ఉంది: "ఇంజిన్ స్టార్ట్ అవడం లేదు." వాన మాట లేదు, నీళ్ళ మాట లేదు, కల్వర్టు మాట లేదు. కింద మీ సంతకం. తొమ్మిదో రోజున ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఫారంలో మాత్రం "వరద నీటిలో ఆగిపోయింది" అని రాశారు. దాని కిందా మీ సంతకమే. కంపెనీ వాళ్ళు ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని, వారంటీ రాదని తెలిశాక నీళ్ళ కథ పుట్టిందని అనుకున్నారు. తిరస్కరణ ఉత్తరం మొత్తం ఆ అనుమానం మీదే నడిచింది.

పిల్లల చేత ప్రశ్న రెండుసార్లు చదివించి మరీ జవాబు రాయించిన వారు, లక్షల విలువైన బండి అప్పగిస్తూ ఒక్క లైను చదవకుండా సంతకం ఎలా పెట్టారండీ? ఆ లైను రాసినవాడు వారంటీ క్లెయిమ్‌కి పనికొచ్చేలా రాశాడు. మీరు చూసి ఉంటే, "నీళ్ళలో ఆగింది" అన్న రెండు ముక్కలు అక్కడే రాయించి ఉండేవారు. ఇన్సూరెన్స్‌కి ఆ రాత్రే ఒక ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకున్నా ఈ గొడవ ఉండేది కాదు. తొమ్మిది రోజుల ఆలస్యం దానికదే క్లెయిమ్‌ని చంపదు. సరైన కారణం ఉన్న ఆలస్యాన్ని పట్టుకుని నిజమైన క్లెయిమ్ కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 2017లో ఓం ప్రకాశ్ కేసులో చెప్పింది. అయితే ఆ తొమ్మిది రోజులూ మీరు ఇంకో కారణం చెప్పారన్నది వాళ్ళ వాదన. దానికి జవాబు కావాలి.

ఆ లైను ఎందుకంత ముఖ్యమో చెబుతాను. మామూలు మోటార్ ప్యాకేజీ పాలసీలో వరద, తుఫాను, నీటి ముంపు వల్ల జరిగిన నష్టానికి కవర్ ఉంటుంది. మెకానికల్ బ్రేక్‌డౌన్, అరుగుదల, పర్యవసాన నష్టం (ఒక నష్టం వల్ల తర్వాత కలిగే ఇంకో నష్టం) మినహాయింపుల్లో ఉంటాయి. ఎక్స్‌టెండెడ్ వారంటీ దీనికి తలకిందులు: పార్టులో లోపం ఉంటే ఇస్తారు, బయటి నీళ్ళ వల్ల పోతే ఇవ్వరు. కాబట్టి ఆ ఇంజిన్ దేనివల్ల పోయిందన్న ఒక్క ప్రశ్నకి కాగితం మీద జవాబు తేలితే మిగతాదంతా తేలుతుంది.

ఇక్కడే మీకు కలిసొచ్చే విషయం ఒకటి ఉంది, మీరు గమనించలేదు. వారంటీ తిరస్కరణ ఉత్తరంలో రెండో పేరా చదవండి. ఎయిర్ ఫిల్టర్ తడిసి ఉందని, సిలిండర్‌లో నీటి ఆనవాళ్ళు కనిపించాయని, కనెక్టింగ్ రాడ్ వంగిందని రాశారు. మెకానిక్‌లు హైడ్రో లాక్ అనేది ఇదే. పిస్టన్ గాలిని నొక్కగలదు గానీ నీటిని నొక్కలేదు, అందుకే రాడ్ వంగుతుంది. మీకు డబ్బు ఎగ్గొట్టడానికి రాసిన ఉత్తరమే ఇన్సూరెన్స్ కంపెనీ మీద మీకు మొదటి సాక్ష్యం. ఒకరు నీళ్ళంటున్నారు, ఇంకొకరు కాదంటున్నారు. ఇద్దరి మీదా విడివిడిగా కేసులు వేస్తే ఇద్దరూ తప్పించుకుంటారు. ఒకే ఫిర్యాదులో ఇన్సూరెన్స్ కంపెనీని, వారంటీ ఇచ్చిన కంపెనీని, జాబ్ కార్డు రాసిన డీలరుని ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి. అసలు వాదన ఇన్సూరెన్స్ మీద, వారంటీ ప్రత్యామ్నాయంగా మాత్రమే. వారంటీ మీద పెద్ద ఆశ పెట్టుకోకండి.

ఇక బావమరిది సంగతి. నీళ్ళలో ఆగాక ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టాడు? మీ ఉత్తరంలో ఈ మాట లేదు. కంపెనీ లాయరు మొదట అడిగేది ఇదే. బండిని కాపాడుకోవడానికి తగిన జాగ్రత్త తీసుకోవాలని, రిపేరు చేయించకుండా నడిపితే పెరిగిన నష్టం మీదేనని పాలసీ షరతుల్లో ఉంటుంది. నడుస్తుండగా నీరు పీల్చుకుని ఆగిందా, ఆగాక పదేపదే స్టార్ట్ చేయడం వల్ల రాడ్ వంగిందా అన్నది ఇంజిన్ చూస్తే నిపుణుడు చెప్పగలడు. మినహాయింపు వర్తిస్తుందని రుజువు చేయాల్సిన భారం కంపెనీదే. కానీ బావమరిది అఫిడవిట్‌లో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. రెండుసార్లు కొడితే రెండుసార్లనే రాయించండి. కొంత తప్పు మీవైపు ఉందని తేలినా మొత్తం పోకపోవచ్చు. సొంత బండిని అద్దెకి తిప్పారన్న ఒక కేసులో, అమలేందు సాహూ అని, సుప్రీంకోర్టు 2010లో క్లెయిమ్ పూర్తిగా కొట్టేయకుండా నాన్ స్టాండర్డ్ పద్ధతిలో కొంత శాతం ఇప్పించింది. అబద్ధం పట్టుబడితే ఆ దారి కూడా మూసుకుపోతుంది.

పాలసీ షెడ్యూల్ మొదటి పేజీ ఒక్కటే పంపారు. రెండో పేజీలో అదనపు ప్రీమియంతో తీసుకునే కవర్లు, అంటే యాడ్-ఆన్‌ల పట్టిక ఉంటుంది. అందులో ఇంజిన్ ప్రొటెక్షన్ అన్న వరుసకి ఎదురుగా ప్రీమియం అంకె ఉందేమో చూడండి. ఉంటే పర్యవసాన నష్టం అన్న వాదన చాలావరకు ఎగిరిపోతుంది. లేకపోయినా కేసు ఉంది, కాకపోతే బరువుగా నడుస్తుంది.

ఆ వర్క్‌షాపు మనిషి సలహా మాత్రం చెవిన పెట్టకండి. మొదటి క్లెయిమ్‌లోనే ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన సర్వేయరు ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, విప్పిన పార్టుల ఫోటోలు తీసుకున్నాడు. అదే వంగిన రాడ్‌ని ఇప్పుడు చెట్టుకి గుద్దిన యాక్సిడెంట్‌లో చూపిస్తే పట్టుకోవడం ఎంతసేపు? అది భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం కేసు, తప్పుడు కాగితాలు పుట్టిస్తే ఫోర్జరీ కూడా. సంతకం మీది, జైలు భయం మీది. అతను మాత్రం కస్టమర్ చెప్పినట్టు రాశానంటాడు. పైగా ఆ క్లెయిమ్ వేసిన క్షణం నుంచి మీ నిజమైన కేసుని ఎవరూ నమ్మరు.

గడువు దగ్గరికి వద్దాం, ఎందుకంటే మీ ఉత్తరంలో నాకు ఎక్కువ టెన్షన్ కలిగించింది అదే. వినియోగదారుల రక్షణ చట్టం 2019, 69వ సెక్షన్ ప్రకారం వ్యాజ్య కారణం (కేసు వేయడానికి కారణం) పుట్టిన రోజు నుంచి రెండేళ్ళలో ఫిర్యాదు వేయాలి. తిరస్కరణ ఉత్తరం నుంచి లెక్కపెట్టాలని మనం వాదిస్తాం, అప్పుడు నాలుగు నెలలుంది. బండి ఆగిన రాత్రి నుంచి లెక్కపెట్టాలని వాళ్ళు వాదిస్తారు, అప్పుడు రెండు నెలలే. రెండు నెలలే ఉన్నాయనుకుని పని చేయండి. మెయిళ్ళు పెడుతూ ఉంటే గడువు పెరుగుతుందని మీరు అనుకున్నట్టున్నారు. ఒక్క రోజు కూడా పెరగదు. ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళడానికి ఉన్న ఏడాది ఇలాగే జారిపోయింది. ఆలస్యాన్ని మన్నించే అధికారం ఆయనకు ఉన్నా, వారంటీ కంపెనీని, డీలరుని ఆయన ముందు నిలబెట్టలేం. అందుకని ఆ దారి మీకు నేను చెప్పను.

మీరు రాజాంలో ఉంటున్నారు కాబట్టి విజయనగరం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. అదే చట్టం 34వ సెక్షన్ ఫిర్యాదుదారు నివాసం ఉన్నచోట వేసే హక్కు ఇచ్చింది, విశాఖ తిరగక్కర్లేదు. మీరు కట్టిన ప్రీమియం, వారంటీ సొమ్ము కలిపినా ఐదు లక్షలు దాటవు గనక ఫీజు ఉండదు.

ఫిర్యాదుతోపాటే 38వ సెక్షన్ కింద మధ్యంతర దరఖాస్తు వేయండి. ఇంజిన్ పార్టులు పారేయకూడదని, బండి అమ్మకూడదని, యార్డు అద్దె కోసం పట్టుకోకూడదని, స్వతంత్ర నిపుణుడి చేత పరీక్ష చేయించాలని అడగండి. పరీక్ష అయ్యాక అనుమతి తీసుకుని బండి రిపేరు చేయించుకోవచ్చు. కేసు తేలేదాకా తుప్పు పట్టించనక్కర్లేదు.

కాగితాల్లో ఇంకొన్ని కావాలి. ఆ రోజు ఆ మండలంలో ఎంత వాన పడిందో శ్రీకాకుళం ముఖ్య ప్రణాళిక అధికారి కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మండలాల వారీ వర్షపాతం వాళ్ళ దగ్గర ఉంటుంది. జవాబుకి 30 రోజులు పడుతుంది కాబట్టి రేపే పెట్టాలి. ట్రాక్టరు ఆయన్ని వెతికి అఫిడవిట్ తీసుకోండి. ఆయనకి ఫోన్‌పేలో డబ్బు పంపి ఉంటే ఆ తేదీ, సమయం స్క్రీన్ మీద ఇప్పటికీ ఉంటుంది. ఆ రాత్రి ఫోన్‌లో తీసిన ఫోటోలు ఫార్వర్డ్ చేసినవి కాకుండా, తీసిన ఫోన్‌లోనే ఉంచండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన, భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ దాని మీదే ఇవ్వాలి. సర్వేయరు రిపోర్టు కాపీ ఇమ్మని కంపెనీకి స్పీడ్ పోస్టులో రాయండి.

ఇక లోపల పెట్టించిన పడకలు, ఫ్రిజ్ సంగతి. వాటిని పాలసీలో చూపించలేదు, వాటి డబ్బు అడగకండి. మార్పులు ఆర్‌సీలో ఎక్కించలేదన్నది మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద మీ తప్పే. అయితే తిరస్కరణ ఉత్తరంలో కంపెనీ ఆ కారణం రాయలేదు. ఉత్తరంలో లేని కొత్త కారణాన్ని తర్వాత కేసులో పెట్టడానికి వీల్లేదని 2019లో సౌరాష్ట్ర కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బండి బయటికొచ్చాక ముందు ఆర్‌టీవో ఆఫీసుకి వెళ్ళి ఆ పని సరిచేసుకోండి.

ఈ వారంలో ఒకసారి విశాఖ వెళ్ళి, విప్పిన ఇంజిన్ పార్టులన్నీ ఉన్నాయో లేదో చూసి, ఒక్కొక్కటి ఫోటో తీసి, జాబ్ కార్డు అసలు కాపీని కూడా ఫోటో తీసుకోండి. ఈసారి వాళ్ళు ఏ కాగితం ఇచ్చినా సంతకం పెట్టకుండా ఇంటికి తీసుకురండి.