పోతురాజు గురించి రాసిన మద్రాసు బిషప్

ప్రశ్న: మన గ్రామదేవతల మీద ఇంగ్లీషులో పుస్తకం రాసినాయన ఒక బిషప్ అని విన్నాను. మత ప్రచారానికి వచ్చినాయనకు పోతురాజుతో ఏం పని? ఆయనకు దోర్నకల్‌తో కూడా సంబంధం ఉందంటారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, మహబూబాబాద్

జవాబు: నిజమేనండి. ఆయన పేరు హెన్రీ వైట్‌హెడ్. 1853లో ఇంగ్లండ్‌లో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుని, కలకత్తా బిషప్స్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా వచ్చారు. 1899 నుంచి 1922 దాకా మద్రాసు బిషప్. గణితంలో, తత్వశాస్త్రంలో పేరు మోసిన ఆల్‌ఫ్రెడ్ నార్త్ వైట్‌హెడ్ ఈయనకు స్వయానా తమ్ముడు. తమ్ముడు లెక్కల్లో పడితే అన్న జాతరల్లో పడ్డాడన్నమాట!

'ద విలేజ్ గాడ్స్ ఆఫ్ సౌత్ ఇండియా' 1916లో వచ్చింది. శివుడు, విష్ణువుల సంగతి వేరు, ఊరి అమ్మవార్ల సంగతి వేరు అని ఆయన గట్టిగా పట్టుకున్నారు. కలరా, మశూచి, పశువుల రోగాలు: ఊరిని భయపెట్టేవి ఇవి, అమ్మవారి పూజలన్నీ వీటి చుట్టూనే. తెలుగు నేల మీద పోతురాజు అమ్మవారికి ఒకచోట తమ్ముడు, ఒకచోట మొగుడు, ఇంకోచోట వట్టి బంటు అని రాశారు. అమ్మవారు పూనుతుందని నమ్మే స్త్రీ అయిన మాతంగి గురించీ, జాతరలో పాటలు పాడే ఆసాదుల గురించీ ఉంది. బలులను ఆయన మెచ్చుకోలేదు, బిషప్ చూపు బిషప్‌దే. కానీ తనకు నచ్చనిదాన్ని కూడా వివరంగా రాసిపెట్టారు. ఇప్పటికీ పరిశోధకులు ఆ పుస్తకం తిరగేసేది అందుకే.

ఇక దోర్నకల్. నన్నడిగితే, ఆయన చేసిన పెద్ద పని పుస్తకం కాదు, ఇది. తిరునెల్వేలి ప్రాంతం నుంచి వచ్చి, తెలుగు నేర్చుకుని, నిజాం రాజ్యంలోని దోర్నకల్‌లో పనిచేస్తున్న వేదనాయగం శామ్యూల్ అజరయ్యను బిషప్ చేయాలని వైట్‌హెడ్ పట్టుబట్టారు. అజరయ్యకు డిగ్రీ లేదు. పైగా 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీల మహాసభలో, మిషనరీల ముఖం మీదే "మాకు స్నేహితులను ఇవ్వండి" అని, అంటే పెత్తనం కాదు స్నేహం కావాలని, అడిగేసిన మనిషి. తెల్లవాళ్లలో చాలామందికి అది మింగుడుపడలేదు. నల్లవాడి కింద మేం పనిచేయడమేంటి అన్న గొణుగుడూ ఉంది. వైట్‌హెడ్ తగ్గలేదు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో అజరయ్య అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండ్ చర్చి శాఖలో, తొలి భారతీయ బిషప్ ఆయనే. 1945లో కన్నుమూసేదాకా, సొంత డయాసిస్ (బిషప్ ఏలుబడిలో ఉండే ప్రాంతం) ఉన్న భారతీయుడు ఇంకొకరు లేరు! దారి తెరిచినా ఆ సంఘం వెనకాల ఎవరినీ రానివ్వలేదన్నమాట.

మీకు దోర్నకల్ దగ్గరే కాబట్టి ఒక మాట. అక్కడి కేథడ్రల్‌ని వైట్‌హెడ్ కట్టించారని కొందరు అంటారు, కాదు. అది అజరయ్య గారి పని, 1939 జనవరిలో ప్రతిష్ఠ అయింది. గుమ్మటాలు మసీదును, స్తంభాలు గుడిని గుర్తుచేస్తాయి, ఒకసారి వెళ్లి చూసి రండి.