మౌనాన్ని రాయాలనుకుంటున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన కవిత, దానికి వేసిన బొమ్మ తీరిగ్గా చూశాను. మీ తాతయ్య పోయాక ఇంట్లో కమ్ముకున్న మౌనాన్ని పట్టుకోవాలన్న నీ తపన నా మనసును తాకింది. అయితే కవితలో 'మౌనం', 'నిశ్శబ్దం' అన్న మాటలు అడుగడుగునా ఉన్నాయి. ముందు వాటన్నిటినీ కొట్టెయ్.

ఆ చోట ఒక చిన్న చప్పుడు పెట్టు. మధ్యాహ్నం పూట కరెంటు పోయి ఫ్యాను ఆగితే, పెరట్లో కుళాయి చుక్క పడటం వినిపిస్తుంది. ఇల్లు ఎంత ఖాళీగా ఉందో అప్పుడే తెలుస్తుంది. జపాన్ కవి బషో 1686లో రాసిన హైకూలో (మూడు పంక్తుల చిన్న కవిత అది) ఉన్నదల్లా ఒక పాత చెరువు, దూకిన కప్ప, నీటి చప్పుడు. అంతటితో ఆగిపోయాడు. నీ చివరి రెండు పంక్తులు మాత్రం, చదివేవాళ్లకు అర్థం కాదేమోనన్న టెన్షన్‌తో రాసినట్టున్నాయి. తాతయ్య కళ్లజోడు ఇంకా కిటికీలోనే ఉందన్నావు కదా, అక్కడ ఆపెయ్.

ఇక బొమ్మ. కాగితమంతా నీలం పూసి, మూల చంద్రుణ్ణి పెట్టావు. మౌనమనగానే మెత్తటి రంగులు, మసక వెలుతురు గుర్తొస్తాయి అందరికీ. కానీ జపాన్ చిత్రకారుడు హసెగవా తోహకు 16వ శతాబ్దం చివర్లో సిరాతో వేసిన పైన్ చెట్ల తెరలు టోక్యో జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. వాటి ఫొటోలు పెద్దవి చేసి చూడు. ఆరేసి మడతల తెరలు రెండు, అందులో చాలా భాగం ఉత్త కాగితమే. ఆ కాగితమే పొగమంచు. దగ్గరగా చూస్తే చెట్ల గీతలు గరుకుగా, విసురుగా ఉంటాయి. అంత దూకుడుగా గీసిన చెయ్యే మిగతా కాగితాన్ని ముట్టుకోకుండా వదిలేసింది!

నువ్వు వాడేది వాటర్ కలర్ కాబట్టి, తెలుపు వదలాల్సిన చోటు ముందే పెన్సిల్‌తో పల్చగా గుర్తు పెట్టుకో. రంగు పడ్డాక ఆ తెలుపు మళ్లీ రాదు. పైన తెల్లరంగు పూస్తే సున్నం కొట్టినట్టుంటుంది.

అలాగని ఖాళీ వదిలేస్తే చాలనుకోకు. మన దేశపు చిత్రకారుడు గైతొండే (1924–2001) బొమ్మల్లో ఖాళీగా కనిపించేదంతా రోలరుతో, పాలెట్ కత్తితో పొర మీద పొర వేసి, గీకి తీసిన రంగు. ఏడాదికి కొన్ని బొమ్మలే వేసేవారు.

కవితా బొమ్మా ఒకే కాగితం మీద పెట్టాలనుకుంటే, ఒకటి చెప్పింది రెండోది చెప్పకూడదు. కళ్లజోడు కవితలో ఉంది కాబట్టి బొమ్మలో కిటికీ చాలు.

పెళ్లయ్యాక నలుగురిలో పాడటం మానేసిన మీ నానమ్మ మీద కూడా రాస్తానన్నావు. ఆ మౌనం వేరు. దుఃఖంలో ఇల్లు మూగబోవడం, ఒక మనిషి గొంతు నొక్కేయడం ఒకటి కావమ్మా. అక్కడ పొగమంచు వద్దు, తెల్ల కాగితం వద్దు. దాన్ని అందంగా చూపిస్తే ఆమెకు అన్యాయం చేసినట్టే. ఏ పాటలు పాడేదో, ఎవరు వద్దన్నారో విప్పి రాయి, అది మా నాన్నే అయినా సరే. రాసే ముందు ఆమెను అడుగు, ఆమె ఒప్పుకుంటేనే రాయి. చిన్నప్పుడు ఆమె దగ్గర విన్న పాటలు కొన్ని నాకు గుర్తున్నాయి. సెలవులకు వచ్చినప్పుడు చెబుతాను, నోట్‌బుక్ తెచ్చుకో.

మీ పెదనాన్న