శరీరాన్ని గడ్డకట్టించి దాచితే, వందల ఏళ్ల తర్వాత సైబోర్గ్‌గా (సగం మనిషి, సగం యంత్రంగా) మేల్కొనవచ్చా?

ఇప్పటికైతే వీలుకాదు, 1967లో అమెరికాలో జేమ్స్ బెడ్‌ఫోర్డ్ దేహాన్ని ఇలా భద్రపరిచినప్పటి నుంచి నేటివరకు ఒక్కరినీ తిరిగి లేపలేకపోయారు.

చిక్కంతా మెదడుతోనే. కాళ్లు, చేతులకు బదులు యంత్రాలు పెట్టవచ్చు. కానీ లేచేది మనమే కావాలంటే, జ్ఞాపకాలు దాచుకున్న మెదడు చెడకుండా ఉండాలి. అందులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటాయి. చల్లబరిచేటప్పుడు నీరు మంచు పలుకులుగా మారి వాటిని దెబ్బతీస్తుంది. మంచు కట్టనివ్వని రసాయనాలు ఎక్కిస్తారు గానీ, మోతాదు పెరిగితే అవే విషం. పైగా అంత పెద్ద అవయవంలో అన్ని మూలలకూ సమానంగా చేరడం చాలా కష్టం.

వరంగల్ పక్క ఊళ్లలో బర్రెలు చూడి కట్టడానికి సూది వేసే గోపాలమిత్రల దగ్గర లిక్విడ్ నైట్రోజన్ క్యాన్ చూసే ఉంటారు. అందులో మైనస్ 196 డిగ్రీల్లో దాచిన వీర్యకణాలు గోరువెచ్చని నీళ్లలో పెడితే మళ్లీ కదులుతాయి. సన్నని స్ట్రాలో ఉన్న విడి కణాలు కాబట్టి అది సాధ్యం. అందులో సగం చచ్చినా మిగిలినవి చాలు. మెదడుకు ఆ వెసులుబాటు లేదు.

చాలామంది దీన్ని పొడుగాటి నిద్ర అనుకుంటారు. నిద్ర కాదు, చట్టప్రకారం మరణించినట్టు ప్రకటించాకే దేహాన్ని చల్లబరుస్తారు.